హైబ్రిడ్ ఎస్‌యూవీ కొనే ముందు ధరలో తేడాను లీటర్లలో లెక్కేయండి

ఒకే మోడల్‌లో పెట్రోల్ వేరియంట్, హైబ్రిడ్ వేరియంట్ (ఇంజిన్‌కు తోడు బ్యాటరీతో నడిచే మోటారు ఉన్నది) రెండూ ఉంటే షోరూమ్‌లో ముందు వినిపించేది మైలేజీ అంకె. లెక్క తప్పేది కూడా అక్కడే. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే బండి 12.5 ఇస్తే వంద కిలోమీటర్లకు 2 లీటర్లు మిగులుతాయి. 20 ఇచ్చే బండి 25 ఇస్తే మిగిలేది ఒక్క లీటరే. చూడ్డానికి రెండోదే పెద్ద లాభం, జేబుకు మాత్రం మొదటిదే. అందుకే వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగుతుందో అడగండి. హైబ్రిడ్‌కు అదనంగా కట్టాల్సిన మొత్తాన్ని కూడా లీటరు పెట్రోల్ ధరతో భాగించండి. మీరు ముందుగానే ఎన్ని లీటర్ల పెట్రోల్‌కు డబ్బు కట్టేస్తున్నారో తేలిపోతుంది.

టయోటా రావ్4 అనే ఎస్‌యూవీ సంగతి చూద్దాం. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పరీక్షల్లో 2024 మోడల్ పెట్రోల్ బండి (ముందు చక్రాల డ్రైవ్) సిటీలో గాలన్‌కు 27 మైళ్లు, హైవేలో 35 మైళ్లు ఇచ్చింది. హైబ్రిడ్‌కు వచ్చినవి 41, 38. మన లెక్కలోకి మారిస్తే సిటీలో వంద కిలోమీటర్లకు పెట్రోల్ బండి 8.7 లీటర్లు, హైబ్రిడ్ 5.7 లీటర్లు తాగుతాయి. హైవే మీద 6.7, 6.2. అంటే సిటీలో మూడు లీటర్లు మిగిలితే హైవేలో అర లీటరే మిగులుతోంది. పైగా ఆ హైబ్రిడ్‌కు నాలుగు చక్రాల డ్రైవ్ ఉంది, అయినా అంత తక్కువ తాగుతోంది.

ఇప్పుడు ధరలో తేడా 2,000 లీటర్ల పెట్రోల్‌తో సమానం అనుకోండి. పూర్తిగా సిటీలో తిరిగే బండి దాదాపు 67 వేల కిలోమీటర్లకు ఆ డబ్బు తిరిగి రాబడుతుంది. హైవే మీదే తిరిగే బండికి మూడున్నర లక్షల కిలోమీటర్లు దాటినా చాలదు. సగం సిటీ, సగం హైవే అయితే వందకు సుమారు 1.75 లీటర్లు మిగులుతాయి. ఏడాదికి 20 వేల కిలోమీటర్లు తిరిగేవారికి ఆరేళ్ల లోపే తేలిపోతుంది, 8 వేలే తిరిగేవారికి పద్నాలుగేళ్లు పడుతుంది. రోజూ ట్రాఫిక్‌లో గంటల తరబడి నలిగేవారు హైబ్రిడ్ తీసుకోవచ్చు. వారాంతాల్లో మాత్రమే, అదీ హైవే మీదే తిరిగే బండికి, పెట్రోల్ ఆదా అనే కారణంతో హైబ్రిడ్ తీసుకోవడం దండగ.

ఇంత తేడా ఎందుకంటే, హైబ్రిడ్ మిగిల్చేది ముఖ్యంగా బ్రేకుల్లో వేడిగా పోయే శక్తిని. బ్రేకు నొక్కినప్పుడు మోటారు జనరేటర్‌గా మారి బ్యాటరీని నింపుతుంది, మళ్లీ కదిలేటప్పుడు ఆ కరెంటే బండిని లాగుతుంది. సిగ్నల్ దగ్గర, నత్తనడక ట్రాఫిక్‌లో ఇంజిన్ ఆగిపోతుంది. హైవేలో బ్రేకు వేసేదే తక్కువ, తిరిగొచ్చే శక్తీ తక్కువే. అక్కడ అసలు శత్రువు గాలి. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది, ఎస్‌యూవీ ఎత్తు దానికి తోడవుతుంది. హైవేలో మిగిలే ఆ అర లీటరు కూడా చాలావరకు తక్కువ పెట్రోల్‌తో ఎక్కువ పని రాబట్టే అట్కిన్‌సన్ సైకిల్ ఇంజిన్ పుణ్యమే. చలికాలంలో రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాలే చేసేవారికి సిటీ లాభం కూడా తగ్గుతుంది. కూలెంట్, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కేదాకా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది మరి.

బండి వెనక హైబ్రిడ్ అని రాసి ఉన్నంత మాత్రాన ఈ లెక్క వర్తించదు. 12 లేదా 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్‌లో బెల్టుతో తిరిగే చిన్న మోటారు ఇంజిన్‌కు చేయూతనిస్తుందే తప్ప, సాధారణంగా బండిని ఒంటరిగా నడపలేదు. దానికి పెద్దగా అదనం కట్టకండి. కరెంటు ప్లగ్‌తో చార్జి చేసుకునే ప్లగిన్ హైబ్రిడ్ దీనికి పూర్తిగా ఎదురు కొస. 2024 మోడల్ రావ్4 ప్లగిన్‌లో 18.1 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉండేది, ఈపీఏ లెక్కలో ఒక చార్జికి 68 కిలోమీటర్లు వెళ్లేది. ఇంట్లో ప్లగ్ పాయింటు ఉండి, ప్రతి రాత్రీ చార్జింగ్ పెట్టేవారికే అది. చార్జింగ్ మానేస్తే ఆ బరువంతా పెట్రోలే మోయాలి. యూరోపియన్ కమిషన్ 2024లో రోడ్డు మీది బండ్ల డేటా బయటపెట్టినప్పుడు, ప్లగిన్ హైబ్రిడ్లు విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్ పరీక్షల అంకెకు సగటున 3.5 రెట్లు ఉందని తేలింది. మామూలు పెట్రోల్, డీజిల్ బండ్లలో ఆ తేడా 20 శాతమే.

నేను ఇక్కడ చెప్పే హైబ్రిడ్ మధ్యరకం, అంటే ప్లగ్ లేని స్ట్రాంగ్ హైబ్రిడ్. బ్యాటరీ ఒకటి, రెండు కిలోవాట్ అవర్లకు అటూ ఇటూగా ఉంటుంది.

ధరలు పోల్చేటప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటి. చాలా కంపెనీలు హైబ్రిడ్‌ను పై ట్రిమ్‌లలోనే, అంటే ఎక్కువ ఫీచర్లున్న వేరియంట్లలోనే ఇస్తాయి. బేస్ పెట్రోల్ మాన్యువల్‌తో పోల్చి అమ్మో ఇంత తేడానా అనుకోవద్దు, ఆటోమేటిక్‌తో, అవే ఫీచర్లున్న ట్రిమ్‌తో పోల్చండి. సన్‌రూఫ్, సీట్ల కూలింగ్ మీరు ఎలాగూ కొనేవైతే వాటి ధర తేడాలోంచి తీసేయండి, అక్కర్లేనివైతే ఉంచండి. అదనపు మొత్తానికి లోన్ వడ్డీ, బండి విలువ ఎక్కువ కాబట్టి పెరిగే ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా లీటర్ల లెక్కలో కలపాలి. సేల్స్‌మన్ ఇవి చెప్పడు. మరోవైపు పికప్ కూడా కొంత విలువ చేస్తుంది. 2024 రావ్4 పెట్రోల్‌ది 203 హార్స్‌పవర్, హైబ్రిడ్‌ది 219. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు మోటారు టార్క్ వెంటనే అందుతుంది కాబట్టి తేడా అంకెల్లో కన్నా కాలి కింద ఎక్కువ తెలుస్తుంది.

టెస్ట్ డ్రైవ్ కాలనీ చుట్టూ ఒక రౌండుతో ముగించొద్దు. బ్యాటరీ గీతలు తగ్గి ఉన్నప్పుడు నిండా మనుషులతో ఏదైనా ఎత్తు ఎక్కించండి. బ్యాటరీ సాయం అయిపోయాక ఇంజిన్ ఒక్కటే గోల పెడుతుంది. గేర్లు మారకుండా ఒకే స్థాయిలో వచ్చే ఆ మోత భరించలేమనిపిస్తే కొన్నాక కూడా అలవాటు కాదు. దిగేటప్పుడు బ్యాటరీ నిండిపోతే మోటారు బ్రేకింగ్ తగ్గుతుంది, అప్పుడు గేర్ లివర్‌లో బీ మోడ్ ఉంటే అది పెట్టి ఇంజిన్‌తో ఆపుకోవాలి. బండి పూర్తిగా ఆగే ముందు మోటారు నుంచి అసలు బ్రేకులకు పని చేతులు మారుతుంది. అక్కడ పెడల్ కుదుపు ఉందేమో గమనించండి. తర్వాత డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో, దాని బదులు పంక్చర్ కిట్ పెట్టారో చూడండి. ట్రెయిలర్ లాగే అవసరం ఉంటే టోయింగ్ పరిమితి కూడా అడగండి.

మెయింటెనెన్స్ భయాలు చాలావరకు తలకిందులుగా ఉంటాయి. అందరూ భయపడేది పెద్ద బ్యాటరీ గురించి. కంప్యూటర్ దాన్ని ఎప్పుడూ పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు, కాబట్టి అది చాలాకాలం మన్నుతుంది. అమెరికాలో టయోటా 2020 మోడల్ నుంచి ఆ బ్యాటరీకి పదేళ్లు లేదా 1,50,000 మైళ్ల వారంటీ ఇస్తోంది. టయోటా తరహా సిస్టమ్‌లో విడిగా స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్, క్లచ్ ఉండవు. గేర్‌బాక్స్‌కు ఈ-సీవీటీ అనే పేరు విని బెల్టు తెగుతుందేమోనని బెంగ అక్కర్లేదు, లోపల ఉండేవి ప్లానెటరీ గేర్లు.

ఇబ్బంది పెట్టేవి చిన్నచిన్నవి. వెనక సీటు కింద లేదా పక్కన బ్యాటరీ కూలింగ్ ఫ్యాన్‌కు గాలి తీసుకునే జాలీ ఉంటుంది. దానికి అడ్డంగా సంచులు పెట్టినా, దుమ్ము, కుక్క వెంట్రుకలు పేరుకున్నా బ్యాటరీ వేడెక్కి త్వరగా ముసలిదవుతుంది. ప్రతి సర్వీసింగ్‌లో ఆ జాలీ ఫిల్టర్ శుభ్రం చేయించండి. వారాల తరబడి బండి కదలకపోతే దిగిపోయేది చిన్న 12 వోల్టుల బ్యాటరీ. అది లేనిదే కంప్యూటర్లు లేవవు, పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చులు (రిలేలు) మూసుకోవు, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి రెడీ కాదు. బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి గానీ, వాడకం తక్కువై డిస్కులు తుప్పు పడతాయి, క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. ప్యాడ్ మందం చూసి బాగుందని వదిలేసే మెకానిక్ చేత పిన్నులు కూడా తీయించి గ్రీజు పెట్టించాలి.

ఏసీ గ్యాస్ నింపించేటప్పుడు మరీ జాగ్రత్త. కంప్రెసర్ హై వోల్టేజీ కరెంటుతో నడుస్తుంది, దాని ఆయిల్ ఇన్సులేషన్‌గా కూడా పనిచేయాలి. మామూలు కార్ల ఏసీల్లో వాడే పీఏజీ ఆయిల్ కలిస్తే కరెంటు లీకై ఎర్రర్ కోడ్ వస్తుంది, కంప్రెసర్ మార్చాల్సి రావచ్చు. మీ కంప్రెసర్‌కు కంపెనీ చెప్పిన ఆయిల్ ఉందో లేదో అడిగి, ఉంటేనే మిషన్ తగిలించనివ్వండి. బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌కు ఇంజిన్‌తో సంబంధం లేని వేరే కూలెంట్ డబ్బా ఉంటే దాని మట్టం కూడా చూడాలి. హై వోల్టేజీ ఉండే నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం శిక్షణ లేనివాళ్లెవరూ వెళ్లకూడదు.

కొత్తదాని లెక్క కుదరకపోతే సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ చూడొచ్చు, అదనపు ధరలో కొంత భాగం మొదటి ఓనరే భరించి ఉంటాడు. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టించి, బండి నడుస్తుండగా బ్యాటరీ బ్లాకుల (ప్యాక్‌లోని భాగాల) వోల్టేజీలు చూడండి. గట్టిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒక బ్లాకు మాత్రం మిగతావాటికన్నా బాగా కిందికి పడిపోతుంటే బేరం వదిలేయండి. స్కానర్‌లో పీ0ఏ80 అనే ఎర్రర్ కోడ్ ఉంటే కంప్యూటర్ బ్యాటరీ ప్యాక్ మార్చమంటోందని అర్థం. కోడ్ చెరిపేసి అమ్మేవారూ ఉంటారు కాబట్టి అరగంట నడిపాక రెండోసారి స్కాన్ చేయించి, ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి.