10×50 బైనాక్యులర్: హన్మకొండ డాబా మీద కొన్నేళ్లు వాడాక

పిల్లలకు ఆకాశం చూపించాలని టెలిస్కోప్ వెతికేవాళ్లు ముందు ఒక మంచి 10×50 బైనాక్యులర్ కొనుక్కోండి. కొన్నేళ్లుగా మా ఇంటిల్లిపాదీ వాడుతున్నది అదే. 10 అంటే పది రెట్లు పెద్దగా చూపిస్తుందని, 50 అంటే ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లని. బిగింపులూ అమరికలూ ఏమీ లేవు, మెడలో వేసుకుని మెట్లెక్కడమే.

మేముండేది హన్మకొండలో, వీధిలైట్ల వెలుగు బాగానే ఉంటుంది. అయినా కృత్తికలను ఇందులో చూసి తీరాలి. మా అత్తమ్మ వాటిని పిల్లలకోడి అంటుంది. మా డాబా మీంచి ఉత్త కంటికి ఐదారు చుక్కలు కనిపిస్తే గొప్ప. ఇందులో పదుల కొద్దీ కనిపిస్తాయి, గుంపు మొత్తం ఒకే చూపులో పడుతుంది. పవర్ ఎక్కువున్న టెలిస్కోప్‌లో ఆ గుంపులో ఒక ముక్కే దొరుకుతుంది. అత్తమ్మయితే "కోడికి ఇన్ని పిల్లలా!" అంటూ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఆ వెలుగు ఇంచుమించు చార్మినార్ కట్టిన కాలంలో బయల్దేరిందని చెబితే మా పెద్దోడు చాలాసేపు బైనాక్యులర్ వదల్లేదు.

గురుగ్రహం ఇంకో సంబరం. పిట్టగోడ మీద మోచేతులు గట్టిగా ఆనించి చూస్తే పక్కన సన్నటి చుక్కలు వరసలో కనిపిస్తాయి. 1610లో గెలీలియో చూసిన నాలుగు చందమామలు అవే. ఒక్కోసారి మూడే ఉంటాయి, నాలుగోది గ్రహం వెనకో ముందో ఉంటుంది. వరస బొమ్మ గీసుకుని మర్నాడు పోల్చుకోమంటే, అవి తిరుగుతున్నాయని పిల్లలే కనిపెట్టారు. శని వలయాలు మాత్రం దీంతో కనిపించవు, ఆశ పెట్టుకోవద్దు.

చంద్రుణ్ని పున్నమి నాడు కాదు, సప్తమి, అష్టమి రోజుల్లో చూడాలి. వెలుగు పక్క నుంచి పడి గుంతల నీడలు తేలతాయి. చీకటి ఆకాశం కావాలంటే ఎంగిలిపూల బతుకమ్మ రోజులు మంచివి. అమావాస్య, పైగా వానలు తగ్గుముఖం పడతాయి. పరకాల దగ్గర మా ఊళ్లో, రాత్రి తొమ్మిది దాటాక, ఈశాన్యాన ఆండ్రోమెడా గెలాక్సీ మసక మరకలా దొరికింది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం! ఎక్కడ వెతకాలో స్టెల్లేరియం యాప్ చెబుతుంది, తెర ఎరుపులో పెట్టుకుంటే కళ్లు చీకటికి అలవాటు తప్పవు.

ఇబ్బందులూ ఉన్నాయి. బరువుకు చెయ్యి వణుకుతుంది, చుక్కలు నాట్యం చేస్తాయి. నెత్తి మీదివి చూడాలంటే మంచం మీద పడుకోవడమే సుఖం. మా చిన్నదాని కళ్ల మధ్య దూరానికి గొట్టాలు అంత దగ్గరకు రావు, అది ఒంటికంటితోనే చూస్తుంది. వానాకాలం అద్దాలకు బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలేసి డబ్బాలో మూసి పెడతాం. పగలు పిల్లల చేతికి అసలివ్వం. పొరపాటున సూర్యుడి వైపు తిప్పితే కళ్లు పోతాయి.

కొనేటప్పుడు షాపులో ఒక పరీక్ష చేయండి. వెలుతురు వైపు పెట్టి, చెయ్యి చాచి, కళ్లు పెట్టే అద్దాల్లోకి దూరం నుంచి చూడండి. అందులో వెలుగు బిళ్ల పూర్తి గుండ్రంగా ఉండాలి. అంచులు కోసినట్టు పలకగా ఉంటే లోపలి ప్రిజం నాసిరకం, తీసుకోవద్దు.