గుమ్మం మీద గ్రేడు కార్డు: అయిదుకి నాలుగు

ఈమధ్య హోటల్‌కి వెళ్తే మెనూ సంగతి తర్వాత, ముందు నా కళ్ళు తలుపు మీద కార్డు ఎక్కడుందా అని వెతుకుతున్నాయి. కొన్ని దేశాల్లో తనిఖీ అధికారి వచ్చి కిచెన్ చూసి ఇచ్చిన గ్రేడుని వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడేలా అంటించాలి, అంతే ఈ సర్వీసు. యాప్‌లో స్టార్లు వేసేవాళ్ళు రుచి గురించి చెబుతారు సరే, లోపల ఫ్రిజ్ ఎలా ఉందో, ఎలుకలు తిరుగుతున్నాయో లేదో వాళ్ళేం చూశారు కనక?

ఈ పద్ధతికి నేను అయిదుకి నాలుగు మార్కులు వేస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు ఎందుకంటే, కార్డు మీద ఎ, బి, సి లాంటి అక్షరం చూసి మనం మరీ ధీమాగా కూర్చుంటాం. న్యూయార్క్‌లో 2010 నుంచి తప్పులకి పాయింట్లు వేస్తున్నారు, ఎంత తక్కువుంటే అంత మంచిది: 13 దాకా ఎ, 27 దాకా బి, ఆపైన సి. అంటే ఒక్క తప్పూ లేనివాడికీ, 13 దగ్గర బొటాబొటీగా గట్టెక్కినవాడికీ తలుపు మీద ఒకటే ఎ! పైగా మొదటి తనిఖీలో ఎ రాకపోతే అప్పుడే గ్రేడు వేయరు, మళ్ళీ వచ్చి చూస్తారు, అప్పుడూ రాకపోతే విచారణ అయ్యేదాకా 'గ్రేడు పెండింగ్' అని పెట్టుకోవచ్చు. నేనైతే ఆ పెండింగ్‌ని ఎ కాదు అనే చదువుకుంటాను.

బ్రిటన్‌లో ఇంకో తమాషా. ఇంగ్లండ్, వేల్స్‌లలో 0 నుంచి 5 దాకా మార్కులు, ఇక్కడ 5 అన్నిటికన్నా మంచిది. వేల్స్‌లో 2013 నుంచి అంటించి తీరాలి, ఇంగ్లండ్‌లో మాత్రం ఓనరు ఇష్టం. ఒకటో రెండో వచ్చినవాడు తనంతట తాను ఎందుకు అంటిస్తాడండీ? వెబ్‌సైట్‌లో వెతుక్కోవచ్చు అంటారు, నిజమే, కానీ ఆకలితో తలుపు దగ్గర నిలబడ్డవాడికి అంత ఓపిక ఎక్కడిది.

టొరంటో వాళ్ళ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డులు చదువు రానివాళ్ళకీ అర్థమవుతాయి. నాకు అన్నిటికంటే నచ్చింది డెన్మార్క్ పద్ధతి. 2001 నుంచి అక్కడ ఫలితాన్ని బట్టి నవ్వు ముఖమో, ఏడుపు ముఖమో బొమ్మ ఉన్న తనిఖీ రిపోర్టునే గుమ్మం దగ్గర పెట్టాలి, ఏం తప్పు దొరికిందో మనమే చదువుకోవచ్చు. రిపోర్టు చేతిలో ఉంటే అక్షరంతో పనేముంది?

ఒకచోట కార్డు అయితే అంటించారు, సరిగ్గా దాని ముందే ఓ పెద్ద పూలకుండీ. జరిపి చూశాను. తేదీ పాతది. పక్క హోటల్‌కి వెళ్ళి తిన్నాం.