ఎల్‌ఎండీబీలో డేటాబేస్ తీసేయడం: మూడేళ్లు వాడాక

బెంగళూరు పీణ్య మెషిన్ షాపుల్లో సెన్సర్ రీడింగులు దాచే గేట్‌వే పెట్టెల్లో మూడేళ్లుగా ఎల్‌ఎండీబీయే. ఓపెన్‌ఎల్‌డాప్ అనే డైరెక్టరీ సర్వర్ కోసం హోవర్డ్ చూ 2011లో తెచ్చిన, డేటా దాచే సీ లైబ్రరీ ఇది. తేదీకో డేటాబేస్ పెట్టి, 30 రోజులు దాటినదాన్ని అర్ధరాత్రి తీసేస్తాం (డ్రాప్ చేస్తాం). డ్రాప్ మధ్యలో కరెంటు పోయినా కమిట్ కాని (ఖాయం చేయని) పని జరగనట్టే లెక్క, రిపేరు అక్కర్లేదు. డిస్కు మీదికి వెంటనే రాయొద్దనే ఎండీబీ_నోసింక్ సెట్టింగు పెడితే మాత్రం ఆ భరోసా ఉండదు.

పద్ధతి చిన్నదే. రైట్ ట్రాన్సాక్షన్ (ఒక్క మూటగా జరిగే రాత పని) తెరిచి ఎండీబీ_డ్రాప్ పిలిచి కమిట్ చేయాలి. మూడో ఆర్గ్యుమెంటు 0 ఇస్తే లోపలి డేటా మాత్రమే ఖాళీ అవుతుంది. 1 ఇస్తే పేరుతో సహా పోయి హ్యాండిల్ (ఆ డేటాబేస్‌ను గుర్తించడానికి ప్రోగ్రాం వాడే నంబరు) మూసుకుపోతుంది.

చెయ్యి కాలేది ఆ హ్యాండిల్ దగ్గరే. అది మూసుకునేది కమిట్‌లో కాదు, డ్రాప్ పిలిచినప్పుడే. డ్రాప్ పిలిచాక ట్రాన్సాక్షన్‌ను అబార్ట్ (రద్దు) చేస్తే డేటా ఉంటుంది కానీ హ్యాండిల్ ఉండదు, మళ్లీ తెరవాలి. ఇంతకంటే ప్రమాదం ఇంకోటుంది. హ్యాండిల్ అంటే వట్టి అంకె. 7వ నంబరు ఖాళీ అయ్యాక కొత్త తేదీ డేటాబేస్ తెరిస్తే దానికీ 7 రావచ్చు. పాత 7ను పట్టుకుని ఉన్న రిపోర్టు థ్రెడ్ (అదే ప్రోగ్రాంలో పక్కన నడిచే పని) తర్వాతి ట్రాన్సాక్షన్‌లో నెలకిందటి లెక్కలనుకుని ఇవాళ్టివి చదువుతుంది. ఎర్రర్ ఒక్కటీ రాదు! అందుకే డ్రాప్‌కు ముందు మిగతా థ్రెడ్లన్నీ ఆ నంబరును వదిలేశాయని ఖాయం చేసుకోవాలి.

డ్రాప్ అయ్యాక, డేటాబేస్‌లన్నీ ఉండే డేటా.ఎండీబీ ఫైలు సైజు తగ్గలేదని కంగారు పడొద్దు. ఖాళీ అయిన పేజీలు (ఫైల్లోని చిన్న ముక్కలు) ఫ్రీలిస్టు అనే ఖాళీల జాబితాలో చేరి రేపటి రీడింగులకు పనికొస్తాయి. ఎండీబీ_స్టాట్ -ఎఫ్ కొడితే కనబడతాయి. ఫైలు సైజు నిజంగా తగ్గాలంటే ఎండీబీ_కాపీ -సీతో వేరే చోటికి తీసి, ప్రోగ్రాం ఆపి పాత ఫైలు స్థానంలో పెట్టాలి. ప్రోగ్రాం నడుస్తుండగా ఫైలు మీద ఆర్‌ఎం (ఫైలు తీసేసే కమాండ్) కొట్టడం వద్దు.

ఏదైనా రీడ్ ట్రాన్సాక్షన్ మూయకుండా వదిలేస్తే, దాని తర్వాత విడుదలైన పేజీలు వాడకానికి రావు. రోజూ డ్రాప్ చేస్తున్నా ఫైలు ఉబ్బుతూ పోయి చివరికి మ్యాప్_ఫుల్ (చోటు నిండిందనే ఎర్రర్) వస్తుంది. చచ్చిపోయిన ప్రాసెస్ వదిలిన రీడర్లను ఎండీబీ_రీడర్_చెక్ తుడిచేస్తుంది. బతికుండి ఇరుక్కున్నవాటి జోలికి పోదు.

డిఫాల్ట్ మ్యాప్ సైజు (ఫైలు పెరగగల పరిమితి) 10 ఎంబీ, మా పనికి ఏ మూలకూ చాలదు. మేం 2 జీబీ పెడతాం. పేజీని కాపీ చేశాకే మార్చే లైబ్రరీ కాబట్టి, మ్యాప్ పూర్తిగా నిండాక డ్రాప్ కూడా మ్యాప్_ఫుల్‌తో ఆగిపోవచ్చు. అప్పుడు ఆ ప్రాసెస్‌లోని ట్రాన్సాక్షన్లన్నీ మూసి, ఎండీబీ_ఎన్వ్_సెట్_మ్యాప్‌సైజ్‌తో కొంచెం పెంచి, అప్పుడు డ్రాప్ చేయండి.