అమెజాన్ పే ఐసీఐసీఐ క్రెడిట్ కార్డు: వార్షిక రుసుము లేదు, కానీ...

చేరేటప్పుడూ, ఏటా కూడా రుసుము లేకపోవడం దీని పెద్ద బలం. ప్రైమ్ సభ్యులకు అమెజాన్ కొనుగోళ్లపై 5 శాతం, మిగతావారికి 3 శాతం, బయట చాలా చోట్ల 1 శాతం వెనక్కి వస్తుంది. పెట్రోలు, బంగారం, ఈఎంఐ కొనుగోళ్లకు మాత్రం ఏమీ రాదు. వచ్చేది కూడా అమెజాన్ పే బ్యాలెన్స్‌గానే, బ్యాంకు ఖాతాలోకి కాదు. అమెజాన్‌లో పెద్దగా కొననివాళ్లకు ఇది అనవసరం.

అసలు చిక్కు బిల్లు కట్టేటప్పుడు మొదలవుతుంది. బిల్లు 20,000 వచ్చిందనుకోండి. 'మినిమం డ్యూ' (కనీసం కట్టాల్సిన మొత్తం) అని 1,000 కట్టి ఊరుకుంటే, మిగిలిన 19,000 మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకున్నా 665, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 785 రూపాయలు. ఆ 20,000కి వచ్చిన క్యాష్‌బ్యాక్ మహా అయితే 1,000! పైగా వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచే లెక్కిస్తారు. పాత బాకీ ఉండగా కొత్తగా గీకిన ఉప్పూ పప్పుకీ వడ్డీలేని రోజులుండవు. ఏటీఎంలో నగదు తీస్తే ఇంకా నష్టం: ఛార్జీ వేరు, వడ్డీ ఆ రోజు నుంచే.

బిల్లు ఖాతా నుంచి దానంతటదే కట్టేలా ఆటో డెబిట్ పెట్టేటప్పుడు 'టోటల్ అమౌంట్ డ్యూ' (మొత్తం బిల్లు) ఎంచుకోండి. తొందరలో చాలామంది మినిమం నొక్కేస్తారు.