ఆకు లేని తోటలో ఎనిమిది వందల బుట్ట

టీ తోట చూడాలని జనవరిలో మాత్రం అస్సాం వెళ్ళకండి. ఈ ఒక్క ముక్క మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బోలెడు డబ్బు మిగిలేది, మా ఆయనకీ నాకూ మధ్య రెండు రోజుల మౌనవ్రతం తప్పేది.

అసలు ఈ ప్రయాణం మా అత్తయ్య కోరిక. రోజుకి ఐదు కప్పులు తాగే మనిషి ఆవిడ. డెబ్బై నిండుతున్నాయి, ఏం కావాలమ్మా అని మా ఆయన అడిగితే, "కాశీ అయిపోనాది, రామేశ్వరం అయిపోనాది. ఈ టీ ఆకు ఎక్కడ పండుతాదో ఓపాలి సూపించరా" అంది. కాఫీ అయితే అరకులో చూపించి రెండో రోజుకి ఇంటికొచ్చేవాళ్ళం. టీ అనేసరికి మా ఆయన ఫోన్‌లో పడి వారం రోజులు వెతికి, తిన్సుకియా జిల్లాలో మార్గెరిటా అనే చిన్న ఊరు పట్టుకొచ్చారు. ఎగువ అస్సాంలో, బూఢీ దిహింగ్ నది ఒడ్డున ఉంటుంది. ఒకవైపు టీ తోటలు, ఇంకోవైపు బొగ్గు గనులు. 1880ల్లో ఇక్కడ రైలు మార్గం వేసిన ఇటలీ ఇంజనీరు గౌరవార్థం ఆ దేశపు రాణి పేరు పెట్టారట. అత్తయ్యకి ఆ పేరు చివరిదాకా నోరు తిరగలేదు. "మారుగిరి" అనే అంది.

మా విశాఖ వాళ్ళకి ఒక సుఖం ఏమిటంటే, కన్యాకుమారి నుంచి డిబ్రూగఢ్ వెళ్ళే వివేక్ ఎక్స్‌ప్రెస్ ఇటునుంచే పోతుంది. మొత్తం 4,189 కిలోమీటర్లు నడిచే బండి, దేశంలో ఇంతకంటే దూరం వెళ్ళేది లేదు. ఎక్కి పడుకుంటే రెండు రాత్రులు, రెండు పగళ్ళు. ఎక్కడా మారక్కర్లేకుండా న్యూ తిన్సుకియాలో దిగాం. పులిహోర, జంతికలు తీసుకెళ్ళాం కాబట్టి రైల్లో ఏ ఇబ్బందీ లేదు.

దిగేసరికి రాత్రి, ఎముకలు కొరికే చలి. టాక్సీకి 2,200 అడిగాడు, ఇచ్చేశాం. యాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది, రోడ్డు ఫరవాలేదు.

ఇక బస సంగతి. పేరు రాయను. "తేయాకు తోట మధ్య బ్రిటిష్ కాలపు బంగ్లా" అని ఫోటోలు పెట్టారు. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన తెల్ల బంగ్లా, దాన్ని అక్కడ చాంగ్ బంగ్లా అంటారు. చుట్టూ వరండా, కేన్ కుర్చీలు, కళ్ళు చెదిరే పచ్చదనం. రాత్రికి 5,500, అత్తయ్యకి అదనపు మంచం 1,000. మూడు రాత్రులకి 19,500. దాని మీద "ఆకు కోత అనుభవం, ఫ్యాక్టరీ సందర్శన" మనిషికి 800 చొప్పున ఇంకో 2,400. మొత్తం 21,900 ముందే కట్టించుకున్నారు. అప్పుడే అనుమానం రావలసింది. అంత సొమ్ము ముందే కట్టడం దేనికండీ అని నేను అన్నాను కూడా. ఆ మాట ఆ తర్వాత ఓ పాతికసార్లు గుర్తుచేశాను, అది వేరే సంగతి.

బంగ్లా ఉంది, అబద్ధం కాదు. కాకపోతే మాకిచ్చిన గది అందులో లేదు. వెనక రేకుల షెడ్డు లాంటిదాన్ని రెండు గదులు చేసి దానికి "అనెక్స్" అని పేరు పెట్టారు. గీజర్ పనిచెయ్యదు. వేడినీళ్ళు బకెట్టుకి యాభై. దుప్పటి ఎత్తితే పాత గోనెసంచి వాసన. బంగ్లాలో గది ఖాళీగానే ఉంది కదా, తాళం వేసి కనబడుతోంది కదా అంటే, మేనేజరు "అది వేరే కేటగిరీ సార్" అన్నాడు. గీజర్ గురించి అడిగితే, "హెరిటేజ్ అంటే పాతదే కదా మేడమ్" అని నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది.

భోజనం ఎనిమిదింటికి అన్నారు. సరిగ్గా ఎనిమిదికి వెళ్తే వంటిల్లు మూసేసి ఉంది. వంటవాణ్ణి లేపితే, తొమ్మిదైంది కదా అంటాడు. మా వాచీలన్నీ ఎనిమిదే అంటున్నాయి. తర్వాత తెలిసింది, అస్సాం టీ తోటల్లో కొన్నిచోట్ల ఇప్పటికీ "బాగాన్ టైమ్" నడుస్తుంది. గడియారం గంట ముందుకి పెట్టుకుంటారు, వెలుతురు ఉండగా పని అయిపోవాలని. ఆ సంగతిలో తప్పు లేదు, ఆ పక్క నిజంగానే చలికాలంలో నాలుగున్నర దాటితే చీకటే. కానీ చెప్పాలి కదా! ఆ రాత్రి మిగిలిన జంతికలు తిని పడుకున్నాం. అత్తయ్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు భయం.

పొద్దున్న ఫ్లాస్కులో టీ పంపించారు. టీ బ్యాగుతో చేసిన టీ! తోట మధ్య కూర్చుని, దారం వేలాడే కాగితపు సంచీ చూసి అత్తయ్య అడిగిన మొదటి మాట: "ఇదేటమ్మాయ్, మనింట్లో ఇంతకంటే మంచిదే ఉంది గదా?"

తొమ్మిదింటికి ఆకు కోతకి తీసుకెళ్ళారు. వెళ్ళి చూద్దుం కదా, మోకాలెత్తు మోళ్ళు. కనుచూపు మేర కత్తిరించేసిన పొదలు, పైన ఒక్క ఆకు లేదు, మధ్యలో ఎండు కొమ్మల కుప్పలు. మంగలి క్రాపు చేసి వదిలేసిన తలకాయల్లా ఉంది తోట. సంగతేమిటంటే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ ఆకు కొయ్యరు. చలికి మొక్క నిద్రలో ఉంటుంది, ఆ ఆకుతో మంచి టీ రాదు. అందుకని ఎప్పటితో కోత ఆపాలో ప్రభుత్వపు టీ బోర్డే తేదీ పెట్టిన ఏళ్ళూ ఉన్నాయి. పొదలు కత్తిరించి, ఫ్యాక్టరీ మూసి యంత్రాలు బాగుచేసుకుంటారు. మళ్ళీ మార్చిలో చిగురు. మే, జూన్‌లలో వచ్చే రెండో విడత చిగురుదే అస్సాం టీకి ఉన్న పేరంతా. ఇది ఆ తోటలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మా దగ్గర 2,400 తీసుకున్న వాళ్ళకి తెలీదా?

గైడు కుర్రాడు మాత్రం ఏ మొహమాటం లేకుండా ఓ మూలకి తీసుకెళ్ళాడు. కంచె పక్కన పది పొదలు కత్తిరించకుండా వదిలారు, మాలాంటి వాళ్ళ కోసమే అనుకుంటా. ముదురు ఆకులు, దుమ్ము. మా ముగ్గురికీ తల మీంచి బుట్టలు తగిలించి, కోసినట్టు పోజు పెట్టమన్నాడు. టీకి రెండాకులు, ఒక మొగ్గ కొయ్యాలని వాడే చెప్పాడు, అక్కడ మొగ్గ ఒక్కటీ లేదు. అత్తయ్య ఓ ఆకు తుంచి నలిపి వాసన చూసి పారేసింది. "మేకలు కూడా ముట్టవు" అని బుట్ట దించేసింది. ఫ్యాక్టరీ గేటుకి తాళం. దాని ముందు నిలబెట్టి ఇంకో ఫోటో.

తిరిగొచ్చి గొడవ పెట్టుకున్నాం. నిజం చెప్పాలంటే నేను పెట్టుకున్నాను, మా ఆయన పక్కన నిలబడి "పోనీలే" అంటూ ఉన్నారు. గంటసేపు అరిస్తే 1,200 వెనక్కిచ్చాడు. సగమేమిటయ్యా అంటే, బుట్టలూ ఫోటోలూ ఇచ్చాం కదా అట. మేం రెండో రాత్రి ఎలాగో గడిపి, మూడో రాత్రి వద్దని బయటపడ్డాం. ఆ 6,500 రాలేదు. వాళ్ళ ఆఫీసులోనే పావుకిలో టీ ప్యాకెట్టు 900కి అమ్ముతున్నారు. మార్గెరిటా బజార్లో కిరాణా కొట్టువాడు మంచి సీటీసీ పొడి, అదే మనం ఇళ్ళలో వాడే గుళికల టీ పొడి, కిలో 300కి ఇచ్చాడు.

ఊళ్ళోనే మామూలు లాడ్జి, రోజుకి 1,400. గీజర్ ఉంది, దుప్పటి ఉతికిన వాసనేసింది, కింద హోటల్లో పూరీ కూర నలభై. ముందే ఇక్కడ దిగి ఉంటే పోయేది.

బంగ్లా దగ్గర బ్యాగులు టాక్సీలో పెడుతుంటే అత్తయ్య కనబడలేదు. చూస్తే తోట కూలీల ఇళ్ళ వరసల్లో ఒక ముసలావిడ గుమ్మంలో కూర్చుని ఉంది. వెళ్ళేసరికి చేతిలో స్టీలు గ్లాసు, ఎర్రటి డికాక్షను. పాలు లేవు, పంచదారా లేదు, ఉప్పు వేశారు. తోట కూలీలు ఎండలో పనిచేసేటప్పుడు తాగేది అదేనట. ఒకరి భాష ఒకరికి రాదు. మా డ్రైవరు మధ్యలో నిలబడి మాట కలిపితే తేలిందేమిటంటే, ఆవిడ ఇంటిపేరు సవర. తాతల నాడు ఒడిశాలో గంజాం వైపు నుంచి కూలీలుగా తెచ్చారట. అత్తయ్య పుట్టిల్లు పాలకొండ దగ్గర. సీతంపేట సంతలో సవర గిరిజనుల దగ్గర చింతపండు, కొండచీపుళ్ళు కొనుక్కుంటూ పెరిగిన మనిషి. "మనోళ్ళేరా, మా సంతకొచ్చే వోళ్ళే" అని పదిసార్లు అంది. ఆ ముసలావిడకి ఆ ఊరి పేర్లేవీ తెలీవు. అయినా ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు అత్తయ్య తన శాలువా ఆవిడకిచ్చేసి, మిగతా ప్రయాణమంతా నా శాలువా కప్పుకుంది.

ఆ డ్రైవరే మమ్మల్ని మర్నాడు సింగ్‌ఫో అనే అక్కడి గిరిజన తెగవాళ్ళ ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాడు. డబ్బులిచ్చి చేసిన ప్రయాణంలో డబ్బుకి తగినది ఏదైనా ఉందంటే ఇదే. మనిషికి 350. వెదురు ఇల్లు, స్తంభాల మీద, మధ్యలో పొయ్యి. ఆకులో పొట్లం కట్టిన జిగురు అన్నం, నిప్పుల మీద కాల్చిన చేప, ఉడికించిన ఆకుకూరలు, వెదురుబొంగులో కోడి. నూనె చుక్క లేదు. మా ఆయన "అచ్చం అరకు బొంగు చికెనే" అని రెండోసారి పెట్టించుకుని, రెండు రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడారు.

తర్వాత ఫాలప్ తెచ్చారు. కోసిన టీ ఆకుని మూకుట్లో వేయించి, ఎండబెట్టి, వెదురు గొట్టంలో కూరి, పొయ్యి మీద అటకలో పొగకి నెలల తరబడి వేలాడదీస్తారు. గట్టిపడ్డాక గొట్టం చీల్చి, బెల్లం అచ్చులా ముక్క కోసుకుని నీళ్ళలో మరిగించడమే. ఏళ్ళ తరబడి పాడవదట. ఇంగ్లీషు వాళ్ళకి అస్సాంలో టీ మొక్క సంగతి తెలిసిందే సింగ్‌ఫోల దగ్గర. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే వ్యాపారికి చూపించింది వీళ్ళ నాయకుడు బీసా గామ్. ఆ ఇంటాయన ఈ కథ చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం, కొంచెం కోపం రెండూ వినబడ్డాయి. తోటలన్నీ ఎవరివో అయిపోయాయి మరి.

అత్తయ్య మామూలుగా పాలు లేని టీ ముట్టదు. మర్యాదకి ఒక గుక్క తాగింది. కాసేపాగి గ్లాసు ముందుకి జరిపింది, ఇంకొంచెం పొయ్యమని. రంగు బంగారంలా, పొగ వాసన, చేదు లేదు. ఒక గొట్టం 400 పెట్టి కొన్నాం. బేరం ఆడబోతే అత్తయ్య నా చెయ్యి గిల్లింది.

మిగతావి చకచకా చూసేశాం. డిగ్‌బోయ్‌లో ఆయిల్ మ్యూజియం తప్పకుండా చూడండి. అక్కడి రిఫైనరీ 1901 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. రెండో ప్రపంచ యుద్ధపు సైనికుల శ్మశానం కూడా ఆ ఊళ్ళోనే, గడ్డి కూడా దువ్వినట్టు పెట్టారు. లేడోలో ఆ యుద్ధకాలంలోనే వేసిన స్టిల్‌వెల్ రోడ్డు మొదలయ్యే చోటు ఉంది, ఇక్కడినుంచి బర్మా మీదుగా చైనాలో కున్‌మింగ్ దాకా 1,700 కిలోమీటర్ల పైమాటే. బోర్డు దగ్గర ఫోటో తప్ప చేసేదేం లేదు, పైగా బొగ్గు లారీల దుమ్ము. దగ్గు ఉన్నవాళ్ళు మాస్కు పెట్టుకోండి. ముందుకెళ్తే అరుణాచల్, దానికి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, మేం తీసుకోలేదు. ఈ రెండు రోజులకీ టాక్సీ రోజుకి 2,800, డీజిల్‌తో కలిపి. డ్రైవరుకి ఇంకో ఐదొందలు ఇచ్చాం, ఇంకా ఇవ్వాల్సింది అనిపిస్తుంది.

ఒక మాట. తోట బంగ్లాలో ఉండాలనే మోజు ఉంటే, బుక్ చేసేముందు రెండే అడగండి: గది అసలు బంగ్లాలోనా, ఫ్యాక్టరీ ఆ తేదీల్లో నడుస్తుందా. జవాబు ఫోన్‌లో కాదు, మెసేజ్‌లో రాయించుకోండి. మొత్తం సొమ్ము ముందే అడిగితే వదిలెయ్యండి.

ఇంటికొచ్చిన వారానికి ఆ మేనేజరు మెసేజ్ పెట్టాడు, ఐదు స్టార్లు ఇమ్మనీ, జూన్‌లో వస్తే పది శాతం తగ్గిస్తాననీ. మా ఆయన పళ్ళు నూరుతూ చదివి వినిపించారు. అత్తయ్య కత్తిపీట ముందేసుకుని ఫాలప్ ముక్క కోస్తోంది.

"జూన్‌లో వానలుంటాయి కదరా?"

"ఉంటాయమ్మా, కుండపోత."

"ఉంటే ఉండనీ, ఆకుంటాది గదా. ఆడి బంగ్లా వొద్దు, ఆ నలభై రూపాయల పూరీ లాడ్జి చూడు" అని ముక్క గిన్నెలో పడేసింది.