దొంతర కుండీల్లో ఏ ఆలుగడ్డ మేలు: సిందూరీ, పుఖ్‌రాజ్, సూర్య?

మిద్దె తోటలో అడుగు తీసేసిన బకెట్లను ఒకదానిపై ఒకటి పేర్చి, మొక్క ఎదిగేకొద్దీ మట్టి నింపుతూ పోతే ప్రతి అంతస్తులోనూ ఆలుగడ్డలు ఊరతాయని చాలామంది ఆశ. అది తీరడం, తీరకపోవడం చాలావరకు రకాన్ని బట్టే ఉంటుంది.

త్వరగా చేతికొచ్చే రకాలు విత్తన గడ్డకు కాస్త పైన, దాదాపు ఒకే పొరలో ఊరతాయి. మట్టి ఎంత పోసినా పైన కాండమే తప్ప గడ్డ ఉండదు. ఆలస్యపు రకాలు ఇంకొంచెం పైదాకా గడ్డ వేసే అవకాశం ఉంది. ఆ లెక్కన దొంతరకు ఎర్రతోలు కుఫ్రీ సిందూరీయే సరైనది అనిపిస్తుంది. కానీ అది 110 నుంచి 120 రోజుల పంట. రాత్రి వేడి 20 డిగ్రీలు దాటితే చాలా రకాల్లో గడ్డ కట్టడం మందగిస్తుంది. హైదరాబాద్‌లో అక్టోబరు చివర నాటిన సిందూరీకి గడ్డ లావెక్కే వేళకు ఫిబ్రవరి ఎండ మిద్దెను కాల్చేస్తుంటుంది. ఆకు ఏపుగా ఉంటుంది, తవ్వితే గోలీకాయలంత గడ్డలు. మన ఊరి చలికాలానికి ఈ రకం సరిపోదు, నేనైతే వద్దంటాను.

పుఖ్‌రాజ్ 70 నుంచి 90 రోజుల్లో వస్తుంది. నవంబరు మొదట్లో నాటితే జనవరి చివరకల్లా తవ్వుకోవచ్చు. దిగుబడి బాగుంటుంది. గడ్డలో నీటి పాలు ఎక్కువ కాబట్టి కూరకు, కుర్మాకు మంచిది, వేపుడుకు అంత కరకరలాడదు.

సిమ్లాలోని కేంద్రీయ ఆలుగడ్డ పరిశోధన సంస్థ వేడిని తట్టుకునేలా తీసుకొచ్చిన రకం సూర్య. పుఖ్‌రాజ్ కన్నా కొన్ని రోజులు ఎక్కువ తీసుకుంటుంది, అయినా రాత్రులు కాస్త వెచ్చబడినా గడ్డ కట్టడం ఆపదు. వేపుడుకూ బాగుంటుంది. పడమటెండ నేరుగా కొట్టే మిద్దె మీద నా ఓటు దీనికే. నీడపట్టు ఉన్న బాల్కనీలో పుఖ్‌రాజ్ చాలు.

ఈ రెండింటిలో ఏది వేసినా దొంతర రెండు అంతస్తులు దాటనక్కర్లేదు. రెండోది అదనపు పంట కోసం కాదు, గడ్డకు వెలుతురు తగలకుండా కప్పడానికి. వెలుతురు తగిలి పచ్చబడిన గడ్డలో సొలనిన్ అనే విషం పెరుగుతుంది, అది తినకూడదు. పైగా తడి మట్టి బరువు శ్లాబు మోయాలి కదా!

సంతలో కొన్న గడ్డ ఏ రకమో ఎవరూ చెప్పలేరు. పేరు రాసి ఉన్న విత్తన గడ్డే అడిగి తెచ్చుకోండి. ఎండ పడే వైపు బకెట్లకు గోనెసంచి చుట్టండి.