పోర్ట్ క్యాంప్‌బెల్‌లో ఒక రాత్రి: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఏం చూడాలి

ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లోని మనవాళ్లు సముద్రం వెంట సాగే గ్రేట్ ఓషన్ రోడ్ మీద చేసే ప్రయాణం చాలావరకు ఒకేలా ఉంటుంది. తెల్లారకముందే డబ్బాల్లో పులిహోర సర్దుకుని బయల్దేరతారు. దారిలో లార్న్, అపోలో బే అనే తీరపు ఊళ్లు చూసుకుంటూ మధ్యాహ్నం రెండు మూడింటికి ట్వెల్వ్ అపోస్టల్స్ అనే, సముద్రంలో నిలిచిన రాతి స్తంభాల దగ్గరకు చేరతారు. అక్కడో గంట ఫొటోలు దిగి, చీకటి పడ్డాక ఇల్లు చేరతారు. తీరం వెంట వెళ్లి లోపలి దారిన తిరిగొస్తే మొత్తం 500 కి.మీ. పైనే అవుతుంది. దక్కిన ఆ ఒక్క గంట కూడా టూరిస్టు బస్సులన్నీ ఒక్కసారిగా వచ్చి దిగే వేళే. అక్కడి నుంచి ఇంకో 12 కి.మీ. పడమటికి వెళ్తే పోర్ట్ క్యాంప్‌బెల్ వస్తుంది. ఆ రాత్రికి అక్కడ పడుకుంటే అదే పెట్రోలు ఖర్చుకు రెండింతలు చూడొచ్చు.

ఊరు చాలా చిన్నది, జనాభా కొన్ని వందలే. కొండల మధ్య ఇరుకైన ఖాతం, ఆ మొదట్లో ఇసుక తీరం, దాని వెంబడి నార్‌ఫక్ పైన్ చెట్లు, వెనక నాలుగైదు వీధులు, అంతే. ఈ నేల ఈస్టర్న్ మార్ ప్రజలది, వాళ్లలో కిర్రే వురోంగ్ వాళ్లది. ఊరి పేరు మాత్రం అలెగ్జాండర్ క్యాంప్‌బెల్ అనే స్కాట్లాండ్ కెప్టెన్‌ది. ఆయన 1840ల ప్రాంతంలో పోర్ట్ ఫెయిరీలో తిమింగలాల వేట నడిపేవాడు. పేరులో పోర్ట్ ఉందని పెద్ద ఓడరేవును ఊహించుకోవద్దు. దక్షిణ సముద్రం కెరటాలు నేరుగా లోపలికి వస్తాయి కాబట్టి పడవలను నీళ్లలో కట్టి ఉంచడం కుదరదు. అందుకే జెట్టీ మీద క్రేన్ ఉంటుంది. రాక్ లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రపు రొయ్యలను పట్టే పడవలను వేట అవగానే దానితోనే పైకి లేపి ఒడ్డున పెడతారు. ఆ పని జరుగుతున్నప్పుడు అక్కడ ఉంటే పిల్లలకు అపోస్టల్స్ కన్నా అదే ఎక్కువ నచ్చినా నచ్చొచ్చు.

ఇక్కడి కథల్లో పెద్దది లాక్ ఆర్డ్ ఓడది. అది తెలియకుండా లాక్ ఆర్డ్ గార్జ్ అనే, కొండల మధ్య ఇరుకు సందులోకి దిగితే కనిపించేది అందమైన ఇసుక తిన్నె ఒక్కటే. 1878 మార్చి 2న ఇంగ్లండ్‌లో బయల్దేరిన ఈ ఓడలో 54 మంది ఉన్నారు. మూడు నెలల ప్రయాణం ముగింపుకొచ్చి, మర్నాడో ఎల్లుండో మెల్‌బోర్న్ అనుకుంటుండగా పొగమంచు కమ్మింది. కేప్ ఆట్వే దీపస్తంభం వెలుగు కనబడలేదు. జూన్ 1 తెల్లవారుజామున మంచు విడేసరికి ఎదురుగా కొండ! లంగరు వేసినా ఓడ నిలవలేదు. మటన్‌బర్డ్ దీవి దగ్గర రాళ్లకు కొట్టుకుని మునిగిపోయింది. 52 మంది పోయారు. మిగిలింది ఇద్దరే. ఒకరు ఓడలో పని నేర్చుకుంటున్న టామ్ పియర్స్. రెండోవారు తల్లిదండ్రులతో, తోబుట్టువులతో ఐర్లండ్ నుంచి వస్తున్న ఈవా కార్‌మైకేల్. ఇద్దరికీ ఇరవై లోపే. టామ్ బోర్లాపడిన లైఫ్‌బోట్ కింద చిక్కుకుని కెరటాలతో పాటు గార్జ్‌లోకి వచ్చిపడ్డాడు. తర్వాత ఈవా కేకలు విని మళ్లీ నీళ్లలోకి ఈదివెళ్లి ఆమెను ఒడ్డుకు లాక్కొచ్చాడు. కొట్టుకొచ్చిన పెట్టెలోని బ్రాందీ తాగించి, గుహలో పడుకోబెట్టి, గోడలా నిలువుగా ఉన్న ఆ రాతిని ఎక్కి సాయానికి వెళ్లాడు. దగ్గరలోని గ్లెనాంపుల్ పశువుల క్షేత్రం మనుషులు ఎదురయ్యారు. వీళ్లిద్దరూ పెళ్లి చేసుకుంటారని అప్పటి జనం ఎంతో ఆశపడ్డారు గానీ, ఈవా ఐర్లండ్ వెళ్లిపోయింది.

గార్జ్‌కు కనీసం గంటన్నర పెట్టుకోండి. పై అంచు నుంచి చూసి వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ. మెట్లు దిగి ఇసుకలో నిలబడి ఆ సన్నని ముఖద్వారం వైపు చూస్తేనే టామ్ ఎంత దూరం ఈదాడో అర్థమవుతుంది. పైన చిన్న శ్మశానం ఉంది, దొరికిన కొద్ది మృతదేహాలను అక్కడే పాతిపెట్టారు. అదే పార్కింగ్ నుంచి రేజర్‌బ్యాక్, థండర్ కేవ్, మటన్‌బర్డ్ దీవి చూసే చోట్లకు కాలిబాటలున్నాయి. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ దీవి మీద వేల షియర్‌వాటర్ పక్షులు గూళ్లు పెడతాయి, చీకటి పడుతుండగా గుంపులు గుంపులుగా సముద్రం నుంచి తిరిగొస్తాయి. రాళ్లు రాలే ప్రమాదం ఉన్నప్పుడు మెట్లదారి మూసేస్తారు. కంచె దాటి వెళ్లొద్దు. ఇక్కడి సున్నపురాయి చేత్తో గీస్తే రాలేంత మెత్తన, అంచు కింద బోలుగా ఉన్న సంగతి పైనుంచి తెలియదు.

ఆ మెత్తదనమే ఇక్కడి అందాలన్నింటికీ మూలం. కెరటాలు రెండు పక్కల నుంచీ కొండను తొలిచేసరికి గుహ పడుతుంది, గుహ తెరుచుకుని తోరణమవుతుంది, తోరణం కూలితే స్తంభం మిగులుతుంది. పోర్ట్ క్యాంప్‌బెల్ నుంచి పడమటికి సుమారు 8 కి.మీ.లో ఉన్న లండన్ ఆర్చ్ ఒకప్పుడు రెండు తోరణాల వంతెన, పేరు లండన్ బ్రిడ్జ్. 1990 జనవరి 15న ఒడ్డు వైపు తోరణం కూలిపోయింది. అవతల చిక్కుకున్న ఇద్దరిని హెలికాప్టర్‌లో తీసుకొచ్చారు. అపోస్టల్స్‌లో ఒక స్తంభం 2005 జూలైలో కూలింది. లాక్ ఆర్డ్ దగ్గరి ఐలాండ్ ఆర్చ్‌వే 2009లో పడిపోతే, మిగిలిన రెండు మొండాలకు టామ్, ఈవా అనే పేర్లు పెట్టారు. ఇక ట్వెల్వ్ అపోస్టల్స్‌ను పన్నెండని లెక్కపెట్టబోకండి, ఇప్పుడు నిలిచినవి ఎనిమిదే. పాత పేరు ఇంకా సరదాగా ఉండేది: పంది, పంది పిల్లలు. పర్యాటకుల కోసం 1920లలో ఈ మర్యాదైన పేరు తగిలించారు.

ఎటునుంచి వెళ్లాలన్నది కాలాన్ని బట్టి తేల్చుకోండి. ఇక్కడ కూడా మన దేశంలోలాగే ఎడమ పక్క నడపాలి. అంటే ఈ రోడ్డు మొదలయ్యే టార్కీ నుంచి పడమటికి వెళ్లేటప్పుడు సముద్రం మీ పక్కనే ఉంటుంది, ఎదురొచ్చే బండ్లను దాటకుండానే పక్కకు తీసి ఆగొచ్చు. వేసవిలో అటే వెళ్లండి. డిసెంబరు చివర్లో సూర్యాస్తమయం రాత్రి 8:45 ప్రాంతంలో, కాబట్టి తీరం వెంట నిదానంగా వచ్చి, సాయంత్రం ఆరింటికి అపోస్టల్స్ చేరినా రెండున్నర గంటల వెలుగు మిగులుతుంది. అప్పుడు సూర్యుడు సముద్రం వైపే దిగుతాడు. చలికాలం సంగతి వేరు. జూన్‌లో ఐదుంబావుకే పొద్దు పోతుంది, సూర్యుడు నేల వైపుకు జరిగిపోతాడు. అప్పుడు పొద్దున్నే జీలాంగ్, కోలాక్ మీదుగా లోపలి దారిన రండి. సుమారు 230 కి.మీ., మూడు గంటల లోపు. పాయింట్ కుక్, టార్నీట్ వైపు ఉండేవాళ్లకు సిటీ దాటే పని లేదు, ఫ్రీవే ఎక్కేయొచ్చు. తీరం దారి మర్నాడు తిరుగు ప్రయాణంలో చూడొచ్చు. కోలాక్ దాటాక పాడి పొలాల మధ్య సన్నని రోడ్లు, పాల ట్యాంకర్లు ఉంటాయి. చీకటి పడే వేళ కంగారూలు అడ్డొస్తాయి.

మలుపులు ఎక్కువున్న భాగం సముద్రం పక్కనిది కాదు, అపోలో బే దాటాక అడవిలో లావర్స్ హిల్ దాకా ఉన్నది. వాంతులయ్యే పిల్లలుంటే అపోలో బేలో కడుపునిండా తినిపించకండి. ఆ అడవిలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పెట్రోలు అపోలో బేలోనో కోలాక్‌లోనో నింపుకోండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను, అత్తమామలను తీసుకెళ్తుంటే లోపలి దారే నయం. కారు లేకపోతే మాత్రం కష్టం. అపోలో బే నుంచి పోర్ట్ క్యాంప్‌బెల్ మీదుగా పడమట ఉన్న వార్నాంబుల్ పట్టణానికి వెళ్లే V/Line సంస్థ బస్సు వారంలో కొన్ని రోజులే తిరుగుతుంది.

బసకు పిల్లలున్న కుటుంబానికి వాగు ఒడ్డున ఉన్న హాలిడే పార్క్ క్యాబిన్లు సరిపోతాయి. వంటగది ఉంటుంది, తీరానికి నడిచి వెళ్లొచ్చు. బుక్ చేసేటప్పుడు క్యాబిన్‌లో బాత్రూమ్ ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. చౌకగా దొరికేవాటిలో కొన్నింటికి ఉమ్మడి బాత్రూములే ఉంటాయి, రాత్రి చలిలో పెద్దవాళ్లకు ఇబ్బంది. ఇద్దరే అయితే ఊరి నడుమ మోటెళ్లు మేలు. ఒక్కరే వెళ్తే హాస్టల్ ఉంది. సముద్రం కనిపించే గదికి అదనంగా డబ్బు పెట్టడం దండగ: రెండు నిమిషాలు నడిస్తే అదే సముద్రం. క్రిస్మస్ తర్వాతి నుంచి జనవరి చివరి దాకా, ఈస్టర్‌కు, లాంగ్ వీకెండ్‌కు కనీసం రెండు రాత్రులు తీసుకోమంటారు. అప్పుడు పక్కన 13 కి.మీ.లో ఉన్న పీటర్‌బరోలో చూడండి, ఇంకా ప్రశాంతంగా ఉంటుంది, కాకపోతే తిండికి మళ్లీ ఇటే రావాలి. రిసెప్షన్ సాయంత్రమే మూసేసే చోట్లు చాలా ఉన్నాయి. ఆలస్యమయ్యేట్టుంటే పగలే ఫోన్ చేసి తాళం ఎక్కడ పెడతారో అడిగి ఉంచుకోండి.

చాలామంది దెబ్బతినేది తిండి దగ్గరే. వేసవిలో సూర్యాస్తమయం చూసి ఊళ్లోకి వచ్చేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, అప్పటికి ఊళ్లో వంటశాలలు కట్టేసి ఉంటాయి. కాబట్టి ముందు ఊళ్లో దిగి, ఆరింటికే భోంచేసి, మళ్లీ 12 కి.మీ. వెనక్కి అపోస్టల్స్‌కు వెళ్లండి. శాకాహారులకు చిప్స్, పిజ్జా దాటి పెద్దగా దొరకదు. క్యాబిన్‌లో రైస్ కుక్కర్ పెట్టుకుని పెరుగన్నం, ఆవకాయ తినడమే సుఖం. సామాను మెల్‌బోర్న్ నుంచే తెచ్చుకోండి, ఇక్కడి కొట్టు చిన్నది. లోపలికి సుమారు 18 కి.మీ.లో ఉన్న టింబూన్‌లో మంచి ఐస్‌క్రీమ్, చుట్టుపక్కల జున్ను చేసే క్షేత్రాలు ఉన్నాయి. ఆసుపత్రి కూడా అక్కడే.

మర్నాడు పొద్దున సూర్యోదయానికి అపోస్టల్స్ దగ్గరుండండి. వేదిక మీద పది మంది కూడా ఉండరు. తర్వాత గిబ్సన్ స్టెప్స్: 86 మెట్లు దిగితే ఇసుక, ఎదురుగా గాగ్, మెగాగ్ స్తంభాలు. వీటిని అపోస్టల్స్ లెక్కలో కలపరు. ఆటుపోట్ల సమయం చూసుకుని దిగాలి, పోటు మీద ఇసుక మిగలదు. సాయంత్రాలు మసక వెలుతురులో అపోస్టల్స్ దగ్గర, లండన్ ఆర్చ్ దగ్గర చిన్న పెంగ్విన్లు ఒడ్డుకొస్తాయి. వాటి మీద టార్చ్, ఫ్లాష్ వేయకూడదు. జాతీయ పార్కు కాబట్టి అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. అపోస్టల్స్ దగ్గర కొత్త సందర్శక కేంద్రం పనుల వల్ల పార్కింగ్ ఏర్పాట్లు మారుతుంటాయి, బయల్దేరే ముందు గ్రేట్ ఓషన్ రోడ్ అథారిటీ వెబ్‌సైట్ చూడండి. హెలికాప్టర్ అంటారా, డబ్బు మిగిలుంటే సరే. నేల మీద నుంచి చూస్తే ఏదో తప్పిపోయిందని అనిపించదు.

స్నానం చేయాలనుంటే ఊరి ఖాతంలోనే చేయండి. చుట్టుపక్కల కాస్త రక్షణ ఉన్నది అదొక్కటే, వేసవిలో లైఫ్‌సేవర్లు కూడా ఉంటారు. మిగతా చోట్ల మోకాలి లోతు కూడా వద్దు. లాక్ ఆర్డ్‌కు దగ్గరలోని షెర్‌బ్రూక్ నది నీళ్లు చూస్తే చెరువులా ఉంటాయి. 2019 ఈస్టర్ రోజున ఆ నది కలిసేచోట కొట్టుకుపోతున్న పర్యాటకుణ్ని కాపాడబోయి ఈ ఊరి తండ్రీకొడుకులు, ఇద్దరూ లైఫ్‌సేవర్లే, ప్రాణాలు పోగొట్టుకున్నారు.

పడమటి వైపు లండన్ ఆర్చ్, గ్రోటో, పీటర్‌బరో దాటాక బే ఆఫ్ ఐలాండ్స్‌లకు ఒక పూట చాలు. ఒకటే వదులుకోవాల్సి వస్తే మాత్రం లండన్ ఆర్చ్‌నే వదలండి, గ్రోటోను కాదు. గ్రోటోలో మెట్లు దిగి, సముద్రాన్ని రాతి కిటికీలోంచి చూడొచ్చు. ఇంకా సమయముంటే వార్నాంబుల్ దాకా, ఊరి నుంచి 65 కి.మీ., వెళ్లండి. మన భోజనం దొరికే చోట్లు అక్కడున్నాయి. అక్కడి ఫ్లాగ్‌స్టాఫ్ హిల్ మ్యూజియంలో మనిషి ఛాతీ ఎత్తు పింగాణీ నెమలి ఉంది. 1880 మెల్‌బోర్న్ ప్రదర్శన కోసం ఇంగ్లండ్ మింటన్ కర్మాగారం పంపిన ఆ నెమలి, 52 మందిని మింగిన అదే లాక్ ఆర్డ్‌లో వచ్చింది. ఓడ మునిగిన తర్వాత పెట్టెతో సహా గార్జ్‌లోకి కొట్టుకొచ్చింది. ముక్కు కొసన చిన్న పెచ్చు తప్ప ఏమీ కాలేదు. అక్కడి నుంచి ప్రిన్సెస్ హైవే మీద మెల్‌బోర్న్ మూడు గంటల దారి. మ్యూజియం తెరిచే వేళలు ముందు రోజే చూసుకోండి.